పంక్చర్ కొట్టు వెనక పసుపు

మాధవరం లారీల యార్డు గోడకి ఆనుకుని
నాదొక రేకు, ఒక గాలి మిషను, ఒక తొట్టి నీళ్ళు.
ట్యూబు ముంచి
బుడగ ఎక్కడ లేస్తుందా అని చూడటం
ఇరవై రెండేళ్ళుగా నా చదువు.

సైకిళ్ళ నుంచీ స్కూటర్ల నుంచీ పీకినవన్నీ
ఒక డాల్డా డబ్బాలో వేస్తాను.
మేకులు, గాజుపెంకులు,
ఒకసారి ఎవరిదో చెవిపోగు కొక్కెం.
ఎక్కువగా పల్లేరు కాయలే.
ఎట్లా విసిరినా
ఒక కొమ్ము మాత్రం ఆకాశం వైపే పెట్టి పడతాయి.

నాకు దాంతో పరిచయం అరికాలి నుంచి.
ఉదయగిరి కొండ కింద
మేకల వెనక పరిగెత్తి పరిగెత్తి
ఒంటికాలి మీద ఆగి
ఉమ్మి రాసి పీక్కునేవాళ్ళం.
తర్వాత దానికి టైరు దొరికింది,
నాకు పటకారు.

మొన్న తుపానుకి నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి.
డబ్బా తేలి, ఎక్కడో బోర్లాపడి,
ఖాళీగా దొరికింది.
కంప్రెసర్ మోటారు తడిసిన ఏడుపులో
డబ్బా సంగతి ఎవడిక్కావాలి.

ఫిబ్రవరిలో ఒక పొద్దున
కొట్టు వెనక, నల్ల ఆయిలు ఇంకిన మట్టిలో
నేలని కరుచుకుని పాకిన తీగ.
దాని మీద పసుపు.
చొక్కా గుండీ అంత. ఐదు రేకులు.
ఇన్నేళ్ళూ కాయనే తిట్టుకున్నాను గానీ
దీనికి పువ్వుంటుందని
పాదం ఎప్పుడూ చెప్పలేదు.

బాడ్మేర్ నుంచి పాలరాయి తెచ్చిన వాఘారామ్
టీ గ్లాసుతో పక్కన గొంతుక్కూచున్నాడు.
'గోఖ్రూ' అన్నాడు.
మా ఎడారిలో వాన పడ్డ పదో రోజుకి
ఇసకంతా ఇదే, అన్నాడు.
ఆ తర్వాత ఏడాదంతా ముల్లే.
టీ కొట్టు సెల్వి వంగి చూసి 'నెరుంజి' అంది,
పొద్దు ఎటు తిరిగితే అటే చూస్తుందట.
నేను 'పల్లేరు' అన్నాను.
ముగ్గురం మూడు పేర్లతో పిలిచాం.
అది దేనికీ పలక్కుండా
ఎండ వైపే తిరిగి ఉంది.

పార్సిళ్ళు మోసే కుర్రాడు
ఆ వారంలో రెండోసారి బండి తోసుకొచ్చాడు.
వెనక్కి తొంగిచూసి
'అన్నా, పంట బాగా వేశావే' అన్నాడు.
వాడు నవ్వాడు, నేనూ నవ్వాను.
సాయంత్రానికి ఆటో స్టాండులో ఎవరూ నవ్వడం లేదు.
బీటు కానిస్టేబులు తంగవేలు వచ్చి
లాఠీతో తీగని ఎత్తి చూశాడు.
'లైసెన్సు కొట్టుకా, తోటకా?'

నేను లెక్క పెట్టుకోలేదు సార్, అన్నాను.
పెట్టుకున్నాను.
ఆ నెల రోజుకి మూడు పంక్చర్లు ఎక్కువ.

ఎనిమిదికి మళ్ళీ వస్తానన్నాడు గనక
మర్నాడు ఏడింటికే పీకడానికి కూచున్నాను.
మధ్యాహ్నం దాకా ఆగితే
రేకులు వాటంతటవే రాలిపోయేవి,
చేతికి సులువయ్యేది.
వేరు ఒక్కటే. నిటారుగా జానెడున్నర లోపలికి.
ఏడాది కూడా నిండని బతుక్కి
ఇంత లోతు దేనికో.

పీకిన కుప్పని గేటు దగ్గర పెట్టి
గోనె సంచి కోసం లోపలికెళ్ళాను.
వచ్చేసరికి వాఘారామ్ లారీ కదిలింది.
ముందు చక్రాలు కుప్ప ఎక్కి దిగాయి,
వెనకవీ.
లారీ టైరుని పల్లేరు ఏమీ చెయ్యలేదు.
గాడిలో దూరి కూచుంటుంది, అంతే.
ఆ సంగతి తెలిసినవాణ్ణి
ఆ గేటు దగ్గర నేనొక్కణ్ణే.

ఆపమని ఒక్క కేక వెయ్యొచ్చు.

అతను కిటికీలోంచి చెయ్యి ఊపాడు.
నేను తొట్టిలో చేతులు ముంచాను.
బొటనవేలి నుంచి ఒక ఎర్రటి పోగు
నీళ్ళలోకి నెమ్మదిగా సాగింది.
అలవాటు కొద్దీ
బుడగ కోసం చూశాను.